రేకు డబ్బా, ప్లాస్టిక్ బకెట్టు

మా లిడ్‌కాట్ కొండ మీద పందెం జరిగే రోజుల్లో నా పని చాలా చిన్నది. బయలుదేరే గీత దగ్గర కారు వెనక్కి జారకుండా వెనక చక్రం కింద అడ్డుచెక్క పెట్టాలి. కారు ముందుకు దూకగానే దాన్ని లాక్కోవాలి. ఇదేం పని అని నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనివ్వండి. ఈ చుట్టుపక్కల పందెపు కార్లన్నిటి వెనక భాగాలూ నాకు తెలుసు. ముందు భాగం ఎవడైనా తుడిచి మెరిపిస్తాడు, వెనక ఎంత మసి ఉందో నన్నడగండి.

వాళ్ళందరిలోకీ నాకు ఇష్టమైనవాడు నోరిస్ ట్రాంటర్. మా ఊరి బజారు వీధిలో మాంసం కొట్టు అతనిది. శనివారం పొద్దున అతను పంది మాంసం కూరి కాల్చే 'పై' రొట్టెల కోసం జనం చర్చి మూల దాకా నిలబడతారు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి ఇంట్లో ఏ కూర వండుతున్నారో కొట్టు గడప దాటకముందే వీధంతా తెలుస్తుంది. పెళ్ళాం ఈనిడ్ అతనికి పూర్తిగా వ్యతిరేకం. మాట పొదుపు. కాని ఆమె ఒక్క మాట అంటే నోరిస్ రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరుగుతాడు.

నోరిస్ దగ్గర ఒక బ్రిండిల్ ఉంది. పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని, మన గరాజులో మనమే బిగించుకోవలసిన రెండు సీట్ల కారు అది. తలుపులుండవు. పైకప్పు ఉందంటే ఉంది, వాన మాత్రం లోపలికే వస్తుంది. మొత్తం బరువు ఒక గుర్రమంత. అతను దాన్ని బిగించిన రెండు చలికాలాలూ ఈనిడ్ భోజనాల బల్ల మీద భోజనం జరగలేదు. బల్ల నిండా కరెంటు తీగలు, కేకులు కాల్చే గుంటల పళ్ళెంలో సైజుల వారీగా నట్లూ బోల్టులూ.

ఈ రకం కార్లలో రెండు వంశాలున్నాయి. ఒకటి బ్రిండిల్, ఒకటి టార్న్. ఒకప్పుడు ఒకే షెడ్డులో పనిచేసిన భాగస్వాములిద్దరు పోట్లాడుకుని, విడిపోయి, చెరొక పేరు పెట్టుకుని చెరొక కారు చేయడం మొదలుపెట్టారు. బయటివాళ్ళ కంటికి రెండూ కవలపిల్లలే. ఆ మాట ఈ కార్లవాళ్ళ ముందు అన్నారో, మీకు టీ కూడా పుట్టదు. బ్రిండిల్‌కి ఒళ్ళంతా అల్యూమినియం రేకు. టార్న్‌కి ఫైబర్. మాదే అసలు, మీది నకలు అని ఇద్దరూ అంటారు. నాకు తెలిసి అసలుదాన్ని చేసినవాడు ఇంకెవడో, ఎప్పుడో పోయాడు.

టార్న్ ఉన్నది లయొనెల్ బెడోస్ దగ్గర. ఇళ్ళకి వెళ్ళి పియానోలకు శ్రుతి పెట్టే మనిషి. ఎత్తుగా, సన్నగా, ఎప్పుడూ మెడకి మఫ్లరుతో ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. పియానోల మధ్య తిరిగి తిరిగి చెవి అంత చురుగ్గా తయారైందో, పుట్టుకతోనే అంతో తెలియదు కాని, కొండ కింద నిలబడి పైన పోతున్న కారు శబ్దం విని ఎన్నో గేరులో ఉందో చెప్పేస్తాడు.

వీళ్ళిద్దరూ కలిసిన తీరు కూడా చెప్పాలి. సొంతంగా బిగించిన కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. ఒకేరోజు ఇద్దరూ వెళ్ళారు, ఒకే కారణంతో ఇద్దరూ తప్పారు. డ్యాష్‌బోర్డు అంచు మరీ పదునుగా ఉంది, మెత్తగా చేసి తీసుకురండి అన్నాడట పరీక్షించే ఆయన. అంచుకి తొడగడానికి నిలువునా చీల్చిన రబ్బరు గొట్టం కావాలి. పక్కనున్న దుకాణంలో ఒక్క ముక్కే మిగిలింది. అది లయొనెల్ చేతిలో పడింది. నోరిస్ జేబులోంచి మాంసం కోసే కత్తి తీసి, సరిగ్గా మధ్యకి కోసి, సగం పట్టుకుపోయాడు.

"అడగాలని కూడా లేదా నీకు?" అన్నాడు లయొనెల్.

"అడిగితే నువ్వు ఆలోచిస్తావు. నువ్వు ఆలోచిస్తే సాయంత్రం అవుతుంది," అన్నాడు నోరిస్.

ఆ సాయంత్రం ఇద్దరూ నెగ్గారు. ఆ రాత్రే ఇద్దరూ పబ్బులో కూర్చుని, ఎవడి కారు గొప్పదని గొంతులు పోయేదాకా అరుచుకున్నారు. ఇరవై ఏళ్ళు అదే అరుపు.

"వచ్చిందయ్యా ప్లాస్టిక్ బకెట్టు! పిడి ఏదిరా, బావిలో పడిపోయిందా?" అని నోరిస్ పొద్దున్నే పలకరించేవాడు.

"ఒరేయ్ నోరిస్, నీ రేకు డబ్బాలో బిస్కెట్లు అయిపోయాయా, ఇంకా ఉన్నాయా?" అనేవాడు లయొనెల్, మఫ్లరు సర్దుకుంటూ.

లిడ్‌కాట్‌లో పందెమంటే అందరూ ఒక్కసారి పరుగెత్తడం కాదు. పాత జమీందారు గారి ఇంటికి పోయే ఇరుకు తారు దారి అది, చెట్ల మధ్య నుంచి కొండెక్కుతుంది. ఒక్కొక్కరే పోవాలి. గడియారమే తీర్పు చెబుతుంది. నిమిషం లోపే అంతా అయిపోతుంది. ఆ నిమిషం కోసం మనిషి ఏడాదంతా కారు బరువు తగ్గిస్తూ కూర్చుంటాడు. నోరిస్‌కి అదొక జబ్బు. చేతికందిన ప్రతి ఇనుప ముక్కకీ డ్రిల్లుతో కన్నాలు పెట్టేవాడు. పెడళ్ళకి కన్నాలు, హ్యాండ్‌బ్రేకు కర్రకి కన్నాలు, చివరికి తాళంచెవికి కూడా ఒక కన్నం. ఆ పని చేస్తూనే రెండో చేత్తో పై రొట్టె తినేవాడు.

"కారుకి పెట్టే కన్నం నీ పొట్టకి పెట్టరా, గెలుస్తావు," అనేవాడు లయొనెల్.

ఒక ఏడు నోరిస్ పెట్రోలు బరువు కూడా తగ్గించాలనుకున్నాడు. వంటింట్లో పాలు కొలిచే జగ్గు తెచ్చి, కొండ ఎక్కడానికి ఎంత కావాలో అంతే పోశాడు. బయలుదేరాడు. సగం దారిలో ఒక నెమలి, అదీ జమీందారు గారి పెంపుడు నెమలి, తోక విప్పుకుని దారికి అడ్డంగా నిలబడింది. ఎర్రజెండా ఊపారు. అలా ఆపేస్తే మళ్ళీ పరుగు ఇస్తారు, అది నియమం. నోరిస్ సంతోషంగా కిందికి వచ్చి మళ్ళీ గీత మీద నిలబడ్డాడు. నేను అడ్డుచెక్క పెట్టాను. కారు దూకింది, ఉరికింది, ఆఖరి గీత కనిపించే చోట దగ్గి ఆగిపోయింది. చుక్క పెట్రోలు లేదు. లయొనెల్ ఆ కొండంతా నడిచి ఎక్కాడు, చేతిలో పువ్వుల బొమ్మలున్న టీ కూజా. దాన్నిండా పెట్రోలు. "పాలు వేయమంటావా?" అని అడిగాడట. ఆ కూజా టీ దుకాణం వాళ్ళది. ఆ తర్వాత దాన్ని ఎన్నిసార్లు కడిగినా ఆ టీ నేను తాగలేకపోయాను.

ఇన్నేళ్ళలో లిడ్‌కాట్ కొండ మీద నోరిస్ లయొనెల్‌ని గెలిచింది వానపడ్డ రోజుల్లోనే. ఎండ కాసిందంటే టార్న్‌దే పైచేయి. ఎప్పుడూ చిన్న తేడా, కన్ను ఆర్పేంత. కాని తేడా తేడాయే. "వచ్చే ఏడు చూడు," అని నోరిస్ ప్రతి ఏడూ అన్నాడు. ఆ మాట మీదే అతను బతికాడని నా నమ్మకం. కొట్టులో మాంసం కోస్తూ, లెక్క చూస్తూ, ఈనిడ్ మాట వింటున్నట్టు తల ఊపుతూ కూడా అతని మనసు ఆ కొండ మీద లయొనెల్ వెంట పరుగెడుతూనే ఉండేది.

తర్వాత లయొనెల్ తుంటి పోయింది.

కీలు మార్చారు. ఆపరేషను బాగానే జరిగింది, కర్ర పట్టుకుని నడవగలుగుతున్నాడు. కాని ఈ కార్లలో ఎక్కడమంటే నడవడం కాదు. తలుపు లేదు కదా, పక్క గోడ మీంచి కాలు దాటించి, సీటు మీద నిలబడి, స్టీరింగు కిందికి పాములా జారాలి. డాక్టరు అంత వంగకూడదన్నాడు. లయొనెల్ వినలేదు. మార్చిలో ఒక పొద్దున నన్నూ నోరిస్‌నీ గరాజుకి పిలిచి, మా కళ్ళముందే లోపలికి జారాడు. జారాడు కాని బయటికి రాలేకపోయాడు. చంకల కింద చేతులేసి మేమిద్దరం లాగాం. లాగుతుంటే ముందు ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత లయొనెల్ మొహం చూసి నేను ఆపేశాను. నోరిస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆపితే ఏమవుతుందో అని భయపడేవాడిలా.

ఆ నెల మా పందెపు కార్ల క్లబ్బు పత్రికలో ప్రకటన వచ్చింది. టార్న్ అమ్మకానికి.

నోరిస్ ఆ పత్రిక పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "వీడికి పిచ్చి పట్టింది. అమ్మేస్తాడట! అమ్మేస్తే నేనెవడితో పందెం వేయాలి?"

"కొండకి నలభై మంది వస్తారు," అన్నాను.

"వాళ్ళు మనుషులు. వాడు లయొనెల్," అన్నాడు. అని ఎంతకీ మాట్లాడలేదు. నోరిస్ మాట్లాడకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

మాట్లాడనివాడు ఏదో ఒకటి చేస్తాడు. కారు చూడ్డానికి మొదటి మనిషి వచ్చిన రోజు నోరిస్ కూడా అక్కడే ఉన్నాడు, ఏమీ ఎరగనట్టు. "మంచి కారేనండీ, చలికాలంలో ఫైబరు పగుళ్ళు వస్తాయనుకోండి, అది మామూలే," అన్నాడు. ఆ మనిషి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. రెండోవాడితో, "మలుపులో కాస్త ఈదుతుంది, ఈత వచ్చా మీకు?" అన్నాడు. వాడూ పోయాడు. అతను కొత్తగా అబద్ధాలేమీ అల్లలేదు, అవన్నీ ఇరవై ఏళ్ళుగా లయొనెల్ మొహం మీదే అంటున్న వేళాకోళాలు. కాని కొనేవాడికి వేళాకోళం ఏం తెలుస్తుంది?

ఈనిడ్‌కి సంగతి తెలిసింది. "ఆ మనిషికి నొప్పిగా ఉంటే నువ్వు పుండు మీద కారం చల్లుతున్నావు," అంది. అంతే అంది. నోరిస్ రెండు రోజులు కొట్టులో తల ఎత్తలేదు.

మూడో రోజు లయొనెలే కొట్టుకి వచ్చాడు. నేను సాసేజిలు కొనుక్కుంటున్నాను. అతను కర్ర గల్లాకి ఆనించి, మెల్లగా అన్నాడు.

"నోరిస్, రోజూ పొద్దున గరాజు తలుపు తీస్తాను. అది అక్కడే ఉంటుంది. నేను ఎక్కలేను. తలుపు వేసేస్తాను. ఇలా ఎన్నాళ్ళురా? దాన్ని పోనీ. ఆదివారం ఒకావిడ వస్తోంది. నువ్వు రా, రావద్దనను. కాని నోరు తెరవకు."

"తెరవను," అన్నాడు నోరిస్.

"ఒట్టు?"

"ఒట్టురా. నా కొట్టు మీద ఒట్టు."

ఆదివారం వచ్చినావిడ పేరు లోర్నా శాంకీ. సాలిహల్‌లో పళ్ళ డాక్టరు. నలభై అయిదు దాటి ఉంటాయి, జుట్టు పొట్టిగా కత్తిరించి, చేతిలో చిన్న టార్చి. కారుని బయటికి తొయ్యడానికి నేను వెళ్ళాను. నోరిస్ గరాజు గోడకి ఆనుకుని, పెదాలు బిగించి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. మిసెస్ శాంకీ కారు కిందికి దూరి చూసింది, చక్రాలు ఊపి చూసింది, ఇంజను విన్నది. ఆమెకి నచ్చిందని నాకు తెలిసిపోయింది. నచ్చినప్పుడే మనుషులు బేరానికి దిగుతారు.

"బానే ఉంది. కాని మిస్టర్ బెడోస్, ఇది నకలు కదండీ? అసలుది బ్రిండిల్ అంటారు అందరూ," అంది.

"అలా అనేవాళ్ళూ ఉన్నారు," అన్నాడు లయొనెల్. నోరిస్ వైపు చూడలేదు.

"పైగా ఒళ్ళంతా ప్లాస్టిక్కు." ఆమె వేలి గణుపుతో రెండుసార్లు కొట్టింది. "వినండి, డొల్ల. బకెట్టు కొట్టినట్టుంది. మీరు చెప్పిన ధర ఒక బకెట్టుకి ఎక్కువండీ."

లయొనెల్ చెయ్యి కర్ర మీద బిగిసింది. నేను నోరిస్‌ని చూశాను. మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి. కొట్టు మీద వేసిన ఒట్టు అక్కడితో సరి.

"ఆ మాట మీరు అనకూడదు," అన్నాడు.

మిసెస్ శాంకీ తిరిగి చూసింది. "మీరెవరండీ?"

"బ్రిండిల్ వాణ్ణి. ఈ కారు చేతిలో ఇరవై ఏళ్ళుగా ఓడిపోతున్నవాణ్ణి. దీన్ని బకెట్టు అనాలంటే దానికో అర్హత ఉండాలి మేడమ్. ముందు దీని చేతిలో ఓడండి, తర్వాత అనండి."

"నోరిస్," అన్నాడు లయొనెల్.

"నువ్వుండు. చూడండి మేడమ్, నకలంటారా? మా కొండ మీద చాపెల్ మలుపులో దీన్ని చూశారా మీరు? తాడు పట్టి లాగినట్టు పోతుంది. వెనక భాగం ఇంత కూడా కదలదు. నాది ఆ మలుపులో ముసలి ఆవులా నడుం తిప్పుతుంది. ఈ అతుకులు చూడండి, టార్చి ఇలా పట్టండి. ఇవి కంపెనీ అతుకులు కాదు, వీడు మూడుసార్లు కోసి నాలుగోసారి వేసినవి. ఇంజను విన్నారు కదా? వీడు పియానోల మనిషి. ఒక్క నట్టు అపశ్రుతి పాడినా వాడికి నిద్ర పట్టదు. ప్రతి శీతాకాలం విప్పి మళ్ళీ బిగించాడు. నేను బిగించలేదు, నాకు బద్ధకం, అందుకే ఓడిపోతాను. నా కారు మంచిదే. కాని ఇది..." నోరిస్ ఆగాడు. "ఇలాంటిది నేను చెయ్యలేను. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే లేదు. మాట మాత్రం తూలకండి."

మిసెస్ శాంకీ టార్చి ఆర్పి కోటు జేబులో పెట్టుకుంది. "మీ ధరకే తీసుకుంటాను మిస్టర్ బెడోస్," అంది.

అప్పుడు తెలిసింది మా నోరిస్‌కి తనేం చేశాడో. నోరు మూసుకుని ఉంటే ఆమె ఇంకా బేరమాడేది, లయొనెల్ ఒప్పుకునేవాడు కాదు, కారు ఇంకో వారమైనా ఉండేది. తన చేత్తో తనే అమ్మించేశాడు. ఆమె డబ్బు కట్టి తోలుకుపోతున్న కారు వీధి మలుపు తిరిగిపోయేదాకా రోడ్డు మధ్యలో నిలబడి చూశాడు. శబ్దం కూడా పోయాక గరాజులోకి వచ్చి ఒక ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. నేల మీద కారు ఉన్నచోట మాత్రం సిమెంటు తెల్లగా ఉంది.

"ఇరవై ఏళ్ళు పట్టిందిరా నీకు ఆ మాట అనడానికి," అన్నాడు లయొనెల్.

"అమ్మించడానికి అన్నాను."

"నీ మొహం. నీ మాంసం గురించి కూడా నువ్వింత నిజం ఎప్పుడూ చెప్పలేదు."

నోరిస్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లయొనెల్ కర్ర మీద బరువేసి మెల్లగా అతని పక్కన కూర్చున్నాడు. మఫ్లరు విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"సరే, నువ్వు చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్పేస్తాను. ఇంక నా దగ్గర ఉండి ఏం లాభం. కొండ మీద నువ్వు ఒకచోట యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తేస్తావు. కొంచెమే, రెప్పపాటు. ఎత్తుతున్నట్టు నీకే తెలీదు. నాకు కింద నుంచి వినిపిస్తుంది. మొదటి ఏడే విన్నాను. అది చెప్పేస్తే నన్నెప్పుడో ఓడించేసేవాడివి, అందుకే చెప్పలేదు. ఎక్కడంటే..."

"ఆపు!"

నోరిస్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చెవుల మీద. పెద్ద కొట్టు యజమాని, అరవై దాటినవాడు, చిన్నపిల్లాడిలా చెవులు మూసుకుని నిలబడ్డాడు.

"చెప్పకు. ఒక్క ముక్క చెప్పకు."

"ఏరా, గెలవాలని లేదా?"

"ఎవణ్ణి గెలవాలి? నువ్వది చెప్పావంటే పందెం మానేసినట్టే. నా తప్పు నాకు చూపించేవాడు నాకు మేస్టారు. నాకు మేస్టారు అక్కర్లేదు, నువ్వు కావాలి. దాన్ని నీ దగ్గరే ఉంచుకో లయొనెల్. కారు లేకపోతే లేకపోయింది. అది నీ దగ్గర ఉన్నంతకాలం నువ్వింకా నన్ను ఓడిస్తున్నట్టే లెక్క."

నా సంగతి అడగకండి, నేను గరాజు తలుపు బయటికి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను. లోపల లయొనెల్ అన్నాడు, "ఆవిడ చేతిలో కూడా ఓడిపోతావురా."

"ఓడిపోనీ."

మేలో లిడ్‌కాట్ పందెం మొదలైంది. ఎండ బాగా కాసింది. మిసెస్ శాంకీ టార్న్ తెచ్చింది. దాన్ని బాగా చూసుకుంటోంది, నేను వెనక నుంచి చూశాను కాబట్టి చెప్పగలను. కొండకి కొత్త, అయినా నోరిస్ కంటే తక్కువ సమయంలో పైకి చేరింది. లయొనెల్ మడత కుర్చీ తెచ్చుకున్నాడు. ఒక్కో పరుగుకీ దాన్ని ఎత్తి ఇంకో చోట వేసుకుంటున్నాడు. ఒకసారి చాపెల్ మలుపు దగ్గర, ఒకసారి నీలం గేటు దగ్గర, ఒకసారి కింద నా పక్కనే. తుంటి నొప్పి అని మూలుగుతూ ఆ కుర్చీ మోయడమంతా ఎందుకని అడిగాను.

"ఒకేచోట కూర్చుంటే కాలెత్తేది ఎక్కడో పట్టేస్తాడు దొంగ వెధవ," అన్నాడు.

నోరిస్ ఆఖరి పరుగు ముగించి కిందికి వచ్చాడు. హెల్మెట్టు తీయకుండానే, గడియారం లెక్క చూడకుండానే, తిన్నగా ఆ కుర్చీ దగ్గరికి నడిచాడు.

"ఎత్తానా?"

"ఎత్తావు," అన్నాడు లయొనెల్.

ఎక్కడ అని నోరిస్ అడగలేదు. "వచ్చే ఏడు చూడు," అని, ఇద్దరికీ టీ తేవడానికి వెళ్ళాడు.